ట్రీవ్యూలో నాలుగు లక్షల వరుసలు: ప్లస్ నొక్కినప్పుడే పిల్ల నోడ్లు తెచ్చుకోవడం ఎలా?

కొమ్మరెమ్మ (ప్రశ్న)

విన్‌ఫార్మ్స్ (విండోస్ డెస్క్‌టాప్ ఫామ్‌లు రాసే పద్ధతి), డాట్‌నెట్ 8, వెనకాల ఎస్‌క్యూఎల్ సర్వర్. ప్లస్ నొక్కితే కొమ్మలు తెరుచుకునే జాబితా, అంటే ట్రీవ్యూ వాడుతున్నాను; అందులో ఒక్కో అంశం ఒక నోడ్. విడిభాగాల టేబుల్ ఒకటి ఉంది: ఐడీ, పేరెంట్ ఐడీ, పేరు, మరో నాలుగైదు కాలమ్‌లు. మొత్తం 4 లక్షల పైచిలుకు వరుసలు, లోతు 9 అంతస్తుల దాకా. చాలా నోడ్ల కింద పదీ ఇరవై మందే పిల్లలు, ఒకటి రెండు చోట్ల మాత్రం 12 వేలు ఉన్నాయి.

ఫామ్ తెరవగానే చెట్టంతా కట్టేస్తే విండో మీద 'నాట్ రెస్పాండింగ్' అని పడుతోంది. అందుకని పై అంతస్తు మాత్రమే నింపి, మిగతాది నోడ్ తెరుచుకోబోయే ముందు వచ్చే బిఫోర్‌ఎక్స్‌పాండ్ ఈవెంట్‌లో తెస్తున్నాను. నాలుగు చోట్ల చిక్కుపడింది.

ఒకటి, పిల్లలు లేని నోడ్‌కు ప్లస్ రాదు, ప్లస్ లేకపోతే ఈవెంట్ రాదు. అందరికీ డమ్మీ నోడ్ (ప్లస్ రావడానికి పెట్టే ఉత్తుత్తి పిల్ల) తగిలిస్తే, కింద ఏమీ లేని ఆకులకు కూడా ప్లస్ కనిపిస్తోంది. రెండు, క్వెరీని అసింక్ (జవాబు వచ్చేదాకా ఫామ్‌ను ఆపకుండా నడిచేలా) చేశాక నోడ్ తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతోంది, రెండోసారి నొక్కితేనే పిల్లలు కనిపిస్తున్నాయి. మూడు, గబగబా మూసి తెరిస్తే అవే పిల్లలు రెండుసార్లు వస్తున్నాయి. నాలుగు, సెర్చ్ బాక్సులో భాగం ఐడీ కొడితే చెట్టులో దాని దగ్గరికి తీసుకెళ్లాలి, కానీ దాని పై నోడ్లు ఇంకా లోడ్ కాలేదు.

ఆకుపచ్చబిట్

నాలుగింటికీ మూలం దాదాపు ఒకటే. ఈ కొమ్మ లోడ్ అయిందా లేదా అనే సంగతిని ట్రీవ్యూని అడిగి తెలుసుకుంటున్నట్టున్నారు: మొదటి పిల్ల డమ్మీయేనా, నోడ్స్ కౌంట్ సున్నాయా, ఇలాంటివి. ఆ సంగతి విడ్జెట్‌కు తెలియదు. దానికి తెలిసింది ఇప్పుడు తెర మీద ఏముందో అంతే. ప్రతి నోడ్ ట్యాగ్‌లో (మన సొంత డేటా పెట్టుకునే ప్రాపర్టీ) మీ సొంత ఆబ్జెక్ట్ ఒకటి పెట్టండి. అందులో ఐడీ, 'పిల్లలున్నారా' అనే బూలియన్, స్థితి (లోడ్ కాలేదు, లోడ్ అవుతోంది, అయింది, విఫలమైంది), నడుస్తున్న టాస్క్ (మొదలైన లోడ్‌ను పట్టుకుని ఉండే ఆబ్జెక్ట్), రిఫ్రెష్ చేసినప్పుడల్లా మారే ఒక వెర్షన్ నంబరు ఉండాలి. తర్వాత నిర్ణయాలన్నీ ఈ ఆబ్జెక్ట్ చూసే తీసుకోవాలి.

ఇక ఒక్కోటి. డమ్మీని 'పిల్లలున్నారా' నిజమైన నోడ్లకే తగిలించండి. ఆ బూలియన్ పేరెంట్‌ను లోడ్ చేసే క్వెరీలోనే రావాలి, నోడ్ నోడ్‌కీ విడిగా అడగకూడదు.

తెరుచుకుని మూసుకుపోవడానికి కారణం: జవాబు రాగానే ముందు నోడ్స్ క్లియర్ పిలిచి, తర్వాత కొత్తవి చేరుస్తున్నారు. ఆఖరి పిల్ల పోయిన క్షణంలో ఆ నోడ్ తెరిచి ఉన్న స్థితి కూడా పోతుంది. తర్వాత ఎంతమందిని చేర్చినా అది మూసిన నోడే. వరుస తిరగేయండి. బిగిన్‌అప్‌డేట్, కొత్త నోడ్లన్నీ ఒకే యాడ్‌రేంజ్‌తో చేర్చడం, ఆ తర్వాత సున్నా స్థానంలో ఉన్న డమ్మీని తీసేయడం, చివర ఎండ్‌అప్‌డేట్. ఎండ్‌అప్‌డేట్ ఫైనల్లీ బ్లాకులో ఉండాలి. మధ్యలో ఎక్సెప్షన్ వచ్చి అది పిలవకుండా పోతే ట్రీ తెర మీద మళ్ళీ గీయబడదు, లోపలేమో అంతా సరిగ్గానే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి గంటలు పడుతుంది.

పిల్లలు రెండుసార్లు రావడం: మొదటి క్వెరీ జవాబు రాకముందు డమ్మీ ఇంకా అక్కడే ఉంటుంది కాబట్టి, 'డమ్మీ ఉంటే లోడ్ చెయ్యి' అనే షరతు రెండోసారి కూడా నిజమవుతుంది. లోడ్‌ను ఒకే మెథడ్ గుండా నడిపించండి. ఆబ్జెక్ట్‌లో ఇప్పటికే టాస్క్ ఉంటే దాన్నే తిరిగి ఇస్తుంది, లేకపోతే కొత్తది మొదలుపెట్టి ఆ ఫీల్డులో దాచి ఇస్తుంది. యూఐ థ్రెడ్ (తెరను నడిపే థ్రెడ్) నుంచే పిలుస్తారు గనక లాక్ అక్కర్లేదు. విఫలమైతే ఆ ఫీల్డును నల్ చేయడం మరిచిపోవద్దు, లేకుంటే నెట్‌వర్క్ తిరిగొచ్చినా ఆ కొమ్మ పాత ఎర్రర్‌నే పట్టుకుని కూర్చుంటుంది.

జవాబు వచ్చేసరికి వాడుకరి రిఫ్రెష్ నొక్కి ఉండొచ్చు, ఆ నోడే చెట్టులో లేకపోవచ్చు. నోడ్ ట్రీవ్యూ ప్రాపర్టీ నల్ అయినా, లోడ్ మొదలైనప్పటి వెర్షన్ ఇప్పటి వెర్షన్ ఒకటి కాకపోయినా ఆ జవాబును పారేయండి. క్యాన్సలేషన్ టోకెన్ (నడుస్తున్న పనిని ఆపమనే సంకేతం) వాడినా ఈ తనిఖీ ఉండాల్సిందే, ఎందుకంటే క్యాన్సిల్ చెప్పేలోపే జవాబు బయల్దేరి ఉండొచ్చు.

డమ్మీతో ఇంకో తంటా. కీబోర్డులో కుడి బాణం ఒకసారి నొక్కితే నోడ్ తెరుచుకుంటుంది, రెండోసారి నొక్కితే సెలెక్షన్ మొదటి పిల్ల మీదికి పోతుంది. లోడ్ నిదానంగా ఉంటే ఆ మొదటి పిల్ల డమ్మీయే. ఆఫ్టర్‌సెలెక్ట్‌లో ట్యాగ్‌ను నేరుగా క్యాస్ట్ చేసి వాడుతుంటే అక్కడ నల్ రిఫరెన్స్ వస్తుంది. బిఫోర్‌సెలెక్ట్‌లో డమ్మీకి క్యాన్సిల్ పెట్టేయండి.

సూచీపత్రం

డేటాబేస్ వైపు మాట. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫారిన్ కీ పెట్టినంత మాత్రాన పేరెంట్ ఐడీ మీద ఇండెక్స్ దానంతటదే రాదు. అది లేకపోతే ప్రతి ప్లస్‌కూ 4 లక్షల వరుసలూ స్కాన్ అవుతాయి. పేరెంట్ ఐడీ, పేరు, ఐడీ, ఇదే వరుసలో ఒక ఇండెక్స్ వేయండి. పిల్లల క్వెరీ, 'కింద ఇంకెవరైనా ఉన్నారా' అనే తనిఖీ, సార్టింగ్, మూడూ దాని మీదే నడుస్తాయి.

ఆ తనిఖీకి కౌంట్ వాడొద్దు, ఎగ్జిస్ట్స్ సబ్‌క్వెరీ రాయండి. ఎగ్జిస్ట్స్ ఒక్క వరుస దొరకగానే ఆగుతుంది, 12 వేల పిల్లలున్న నోడ్ దగ్గర కౌంట్ మాత్రం అన్నింటినీ లెక్కపెడుతుంది. అనుమతులు, 'తొలగించినవి చూపొద్దు' లాంటి ఫిల్టర్లు పిల్లల క్వెరీలో ఏవి ఉన్నాయో అవే ఎగ్జిస్ట్స్ లోపల కూడా ఉండాలి. తేడా వస్తే ప్లస్ కనిపిస్తుంది, నొక్కితే ఏమీ ఉండదు.

పై అంతస్తు ఖాళీగా వస్తోందంటే చాలాసార్లు కారణం చిన్నదే: పేరెంట్ ఐడీని నల్‌తో ఈక్వల్ గుర్తు పెట్టి పోల్చడం. అలా పోలిస్తే ఒక్క వరుసా రాదు, ఈజ్ నల్ అనే రాయాలి. కాబట్టి రూట్‌కు విడి క్వెరీ పెట్టుకోండి.

12 వేల కొమ్మను ముక్కలుగా తెండి. ముక్కకు 500 అనుకుంటే టాప్ 501 అడగండి. 501వది వచ్చిందంటే ఇంకా ఉన్నాయని అర్థం, దాన్ని చూపించకుండా చివర 'మరికొన్ని చూపు' నోడ్ పెట్టండి. తర్వాతి ముక్కకు ఆఫ్‌సెట్ వద్దు. ఆఫ్‌సెట్ దాటేసే వరుసల్ని కూడా ప్రతిసారీ చదువుతుంది. పైగా మధ్యలో ఎవరైనా కొత్త భాగం చేరిస్తే ఒక వరుస రెండుసార్లు కనిపిస్తుంది, ఎవరైనా తీసేస్తే ఒకటి జారిపోతుంది. చివరగా చూపిన పేరు, ఐడీ గుర్తుపెట్టుకుని 'పేరు దానికంటే పెద్దది, లేదా పేరు అదే అయి ఐడీ పెద్దది' అని అడగండి. ఐడీ ఎందుకంటే ఒకే పేరుతో రెండు భాగాలుంటే ముక్క సరిగ్గా వాటి మధ్య తెగొచ్చు.

ఈ పద్ధతిలో ట్రీవ్యూ సార్టెడ్ ప్రాపర్టీని ఆన్ చేయకూడదు. డేటాబేస్ కొలేషన్ (అక్షరాల వరుస నియమాలు) ఒక వరుస చెబుతుంది, డాట్‌నెట్ కల్చర్ ఇంకో వరుస చెబుతుంది. 'మరికొన్ని చూపు' నోడ్ కూడా పేరును బట్టి ఎక్కడో మధ్యలోకి వెళ్ళి కూర్చుంటుంది.

గుండ్రటిబ్రాకెట్

కొంచెం అడ్డం తిరుగుతాను. 4 లక్షల వరుసలు అసలు పెద్ద డేటా కాదు. ఐడీ, పేరెంట్ ఐడీ, పేరు ఈ మూడే తెస్తే, పేరు సగటున 25 అక్షరాలనుకుంటే, డాట్‌నెట్ మెమరీలో వరుసకు వంద బైట్ల పైన కొంచెం. పేరెంట్ ఐడీ మీద లుకప్‌తో (ఐడీ ఇస్తే దాని పిల్లల్ని ఇచ్చే పట్టిక) కలిపి 50, 60 ఎంబీలో సరిపోతుంది. మీ ఫామ్‌ను ఆపేస్తున్నది బహుశా క్వెరీ కాదు, నోడ్లు కట్టడం. విన్‌ఫార్మ్స్‌లో ఒక్కో ట్రీనోడ్‌కూ అడుగున ఉన్న విండోస్ కంట్రోల్‌కు విడిగా ఒక ఇన్సర్ట్ మెసేజ్ వెళ్తుంది, మూసి ఉన్న కొమ్మల లోపలి నోడ్లకు కూడా. 4 లక్షల మెసేజ్‌లు యూఐ థ్రెడ్ మీదే.

కాబట్టి డేటా లోడ్ వేరు, నోడ్ సృష్టి వేరు. మొదట స్టాప్‌వాచ్‌తో ఆ రెండింటినీ విడివిడిగా కొలవండి. క్వెరీ ఒకటి రెండు సెకన్లలో వస్తోంటే డేటా మొత్తం బ్యాక్‌గ్రౌండ్‌లో ఒకేసారి తెచ్చి, నోడ్లను మాత్రం బిఫోర్‌ఎక్స్‌పాండ్‌లో లుకప్ నుంచి కట్టండి. అప్పుడు అసింక్ లేదు, 'లోడ్ అవుతోంది' లేదు, సెర్చ్ మెమరీలోనే అయిపోతుంది. మీరడిగిన రెండో, మూడో చిక్కులు పుట్టనే పుట్టవు.

ఆకుపచ్చబిట్

ఒప్పుకుంటాను, కానీ రెండు షరతులు. ఆ డేటాను వేరేవాళ్ళు రోజంతా మారుస్తుంటే మెమరీ కాపీ పాతబడుతుంది. ఒక్కో వాడుకరికి ఒక్కో అనుమతి ఉంటే మొత్తం తెచ్చుకోవడమే కుదరకపోవచ్చు. ఆ రెండూ లేకపోతే గుండ్రటిబ్రాకెట్ గారి దారే తేలిక. 12 వేల కొమ్మను ముక్కలుగా చూపించడం మాత్రం అక్కడ కూడా కావాలి.

కొమ్మరెమ్మ

డేటా రోజంతా మారుతుంది, అనుమతులూ ఉన్నాయి. కనుక అసింక్ దారే. రెండు అనుమానాలు మిగిలాయి. బిఫోర్‌ఎక్స్‌పాండ్‌లో అవెయిట్ తర్వాత ఈ.క్యాన్సిల్‌ను ట్రూ చేస్తే పని చేయడం లేదు, ఎందుకు? సెర్చ్ నుంచి నోడ్ దాకా వెళ్ళే సంగతి కూడా చెప్పండి.

ఆకుపచ్చబిట్

మొదటి అవెయిట్ దగ్గర మీ హ్యాండ్లర్ కంట్రోల్‌కు తిరిగి వెళ్ళిపోతుంది. ట్రీవ్యూ అప్పుడే ఈ.క్యాన్సిల్ విలువ చదివేసి నోడ్‌ను తెరిచేస్తుంది. తర్వాత మీరు ఏం రాసినా చూసేవాళ్ళు లేరు. క్యాన్సిల్ చేయాలంటే అవెయిట్‌కు ముందే చేయాలి.

నా సలహా: క్యాన్సిల్ చేయకండి. నోడ్ డమ్మీతో తెరుచుకోనివ్వండి, 'లోడ్ అవుతోంది' అని కనిపించనివ్వండి. మెరుపులా వచ్చి పోయే డమ్మీ కళ్ళకు చిరాకు అనిపిస్తే డమ్మీ టెక్స్ట్‌ను ఖాళీగా ఉంచి, 200 నుంచి 300 మిల్లీసెకన్లలో జవాబు రాకపోతేనే ఆ మాట రాయండి. హ్యాండ్లర్ అసింక్ వాయిడ్ కనుక దాని లోపలంతా ట్రై, క్యాచ్‌లో ఉండాలి. విఫలమైతే డమ్మీ టెక్స్ట్‌ను 'లోడ్ కాలేదు, మళ్ళీ ప్రయత్నించడానికి డబుల్ క్లిక్' అని మార్చి, స్థితిని మొదటికి తెండి. లోపం వస్తే మెసేజ్‌బాక్స్ మాత్రం వేయొద్దు. ఐదు కొమ్మలు తెరిచి ఉండగా నెట్‌వర్క్ పోతే ఐదు పెట్టెలు మీద పడతాయి.

సెర్చ్ సంగతి. ఐడీ నుంచి పైకి రికర్సివ్ సీటీఈతో (తన ఫలితం మీదే మళ్ళీ మళ్ళీ నడిచే క్వెరీ) పేరెంట్ల జాబితా తెచ్చుకుని, దాన్ని రూట్ మొదట వచ్చేలా తిప్పండి. ఒక్కో అంతస్తుకూ: పైన చెప్పిన లోడ్ మెథడ్‌ను అవెయిట్ చేయండి, తర్వాతి ఐడీని ఐడీ నుంచి ట్రీనోడ్‌కు ఉన్న డిక్షనరీలో పట్టుకోండి, ముందుకు సాగండి. ఎక్స్‌పాండ్ పిలిచి ఈవెంట్ అదే లోడ్ చేస్తుందిలే అని వదిలేయకండి. అది టాస్క్‌ను మీ చేతికి ఇవ్వదు, తర్వాతి లైనుకు వచ్చేసరికి అక్కడ డమ్మీ తప్ప ఎవరూ ఉండరు. చివరి నోడ్ దొరికాక సెలెక్టెడ్‌నోడ్, ఎన్‌ష్యూర్‌విజిబుల్. డిక్షనరీలోంచి తొలగించిన నోడ్లను తీసేయడం కూడా అదే చోట చూసుకోండి. ఫుల్‌పాత్‌ను కీగా వాడొద్దు, అది నోడ్ల పేర్లతో కట్టినది, పేరు మారితే చెడుతుంది.

12 వేల కొమ్మలో వెతికినది 9 వేలో స్థానంలో ఉంటే అక్కడి దాకా ముక్కముక్కా తేవడం దండగ. దాని పేరు, ఐడీ తెలుసు కదా, దాని నుంచి మొదలయ్యే ముక్క ఒకటి తెచ్చి, పైన 'దీనికి ముందున్నవి చూపు' నోడ్ ఒకటి పెట్టండి.

సూచీపత్రం

ఆ సీటీఈకి ఒక జాగ్రత్త. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మ్యాక్స్‌రికర్షన్ (అలా ఎన్నిసార్లు నడవొచ్చనే పరిమితి) డిఫాల్ట్ 100. మీ లోతు 9 కాబట్టి ఆ ఎర్రర్ వచ్చిందంటే డేటాలో చక్రం ఉన్నట్టే: 'క'కు పేరెంట్ 'చ', 'చ'కు పేరెంట్ 'క'. ఒక్కో వరుసకు ఒకే పేరెంట్ ఉన్న టేబుల్లో అలాంటి చక్రం రూట్ నుంచి చేరలేని చోట ఉంటుంది. చెట్టులో ఎప్పటికీ కనిపించదు, సెర్చ్‌లో మాత్రం బయటపడుతుంది. పరిమితిని పెంచకండి, డేటాను సరిచేయండి. ఒక భాగం చాలా అసెంబ్లీల్లో ఉండేలా లింక్ టేబుల్ ఉంటే కథ వేరు. అక్కడ చక్రం చెట్టులోనే కనిపిస్తుంది, వాడుకరి అంతులేకుండా తెరుస్తూ పోగలడు. ఐడీ డిక్షనరీ కూడా పనికిరాదు, ఒకే ఐడీకి నాలుగు నోడ్లుంటాయి.

ఇంకోటి. అన్ని లోడ్లకూ ఒకే కనెక్షన్ ఆబ్జెక్ట్ వాడితే రెండు కొమ్మలు ఒకేసారి తెరిచినప్పుడు 'ఇప్పటికే తెరిచిన డేటారీడర్ ఉంది' అనే ఎర్రర్ వస్తుంది. లోడ్ లోడ్‌కూ కనెక్షన్ తెరిచి మూయండి. తెరిచిన కనెక్షన్లను మళ్ళీ వాడుకునే పూల్ ఉంది కదా, ఖర్చేమీ కాదు.

తీగలపందిరి

డబ్ల్యూపీఎఫ్‌కు (డాట్‌నెట్‌లోనే ఇంకో డెస్క్‌టాప్ యూఐ పద్ధతి) మారే ఆలోచన ఉన్నవాళ్ళకు. డమ్మీ ఉపాయం అక్కడా అదే, కానీ డమ్మీ వ్యూమోడల్ పిల్లల కలెక్షన్‌లో ఉంటుంది. లోడ్‌ను ఈజ్‌ఎక్స్‌పాండెడ్ టూ‌వే బైండింగ్ సెట్టర్ నుంచి మొదలుపెట్టండి. ఎక్స్‌పాండెడ్ ఈవెంట్‌ను ఐటమ్ ఐటమ్‌కూ తగిలిస్తే అది పైకి పాకే ఈవెంట్ కనుక తాతముత్తాతల హ్యాండ్లర్లు కూడా నడుస్తాయి. ట్రీవ్యూలో వర్చువలైజేషన్ (తెర మీద కనిపించేవాటినే కట్టడం) డిఫాల్ట్‌గా ఆఫ్, వర్చువలైజింగ్‌స్టాక్‌ప్యానెల్ ఈజ్‌వర్చువలైజింగ్‌ను ట్రూ చేస్తేనే పెద్ద కొమ్మ తేలికగా తెరుచుకుంటుంది. అబ్జర్వబుల్‌కలెక్షన్‌లో బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ నుంచి చేరిస్తే ఎక్సెప్షన్. డేటా అక్కడ తెచ్చుకున్నా చేర్చడం డిస్పాచర్ థ్రెడ్ మీదే.

క్యూటీలో (సీ ప్లస్ ప్లస్ యూఐ లైబ్రరీ) డమ్మీయే అక్కర్లేదు, మోడల్ వ్యవస్థ దీనికోసమే ఉన్నట్టుంటుంది. క్యూఅబ్‌స్ట్రాక్ట్‌ఐటమ్‌మోడల్‌లో హ్యాజ్‌చిల్డ్రన్, క్యాన్‌ఫెచ్‌మోర్, ఫెచ్‌మోర్ రాయాలి. రోకౌంట్ ఇప్పటిదాకా లోడ్ అయిన సంఖ్యే చెప్పాలి, అందులో క్వెరీ పెట్టకూడదు. హ్యాజ్‌చిల్డ్రన్ మీరు రాయకపోతే అసలుది రోకౌంట్ సున్నా అని చూసి పిల్లలు లేరంటుంది, బాణం రాదు. ఫెచ్‌మోర్ అసింక్ అయితే జవాబు వచ్చేదాకా క్యాన్‌ఫెచ్‌మోర్ ఫాల్స్ చెప్పాలి, లేదంటే వ్యూ మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. సున్నా వరుసలు వస్తే బిగిన్‌ఇన్సర్ట్‌రోస్ పిలవకూడదు, మొదటి సంఖ్య కంటే చివరి సంఖ్య చిన్నదై అసర్ట్ అవుతుంది. స్క్రోల్ అడుగుకు చేరినప్పుడు వ్యూ తానే ఫెచ్‌మోర్ పిలిచేది రూట్ ఇండెక్స్‌కు మాత్రమే. లోపలి కొమ్మల్లో ముక్కలు కావాలంటే అక్కడా 'మరికొన్ని చూపు' వరుసే గతి. క్యూసార్ట్‌ఫిల్టర్‌ప్రాక్సీమోడల్ లోడ్ అయినవాటినే వడకడుతుంది, లోడ్ కానిదాన్ని 'లేదు' అనేస్తుంది. అందుకే వెతకడం సర్వర్ వైపే జరగాలి.

జావా స్వింగ్ అయితే డిఫాల్ట్‌ట్రీమోడల్‌కు ఆస్క్స్‌అలౌస్‌చిల్డ్రన్ ట్రూ, ట్రీవిల్‌ఎక్స్‌పాండ్‌లిజనర్, లోడ్‌కు స్వింగ్‌వర్కర్. రిఫ్రెష్‌కు రూట్ మీద నోడ్‌స్ట్రక్చర్‌ఛేంజ్డ్ పిలిస్తే తెరిచిన కొమ్మలు మూసుకుపోతాయి, మారిన చోటే ఇన్సర్ట్, రిమూవ్ చేయండి.

గుండ్రటిబ్రాకెట్

రిలీజ్ చేసే ముందు నంబర్ ప్యాడ్ మీద నక్షత్రం కీ నొక్కి చూడండి. విండోస్ ట్రీవ్యూలో అది సెలెక్ట్ అయిన నోడ్ కింద ఉన్నదంతా తెరిచేస్తుంది, డబ్ల్యూపీఎఫ్‌లోనూ, క్యూటీలోనూ అంతే. బిఫోర్‌ఎక్స్‌పాండ్‌లో సింక్రనస్‌గా లోడ్ చేసే కోడ్ అయితే ఆ ఒక్క కీ మీ టేబుల్‌ను మొత్తం లాగేస్తుంది. కీడౌన్‌లో మల్టిప్లై కీని పట్టి, హ్యాండిల్డ్, సప్రెస్‌కీప్రెస్ రెండూ ట్రూ చేయండి. ఇక్కడ ఆపినా ఎక్స్‌పాండ్‌ఆల్ మెనూ ఎవరో ఒకరు అడుగుతారు. అందుకని ఏకకాలంలో నడిచే లోడ్లను సెమఫోర్‌స్లిమ్‌తో మూడు నాలుగుకు కట్టేయండి, లోతుకు కూడా ఒక హద్దు పెట్టండి.

కొమ్మరెమ్మ

వరుస మార్చాక మూసుకుపోవడం ఆగింది, టాస్క్ ఫీల్డ్ పెట్టాక రెండుసార్లు రావడమూ ఆగింది. నోడ్లకు చెక్‌బాక్సులు కూడా పెట్టాలి. పేరెంట్‌కు టిక్ పెడితే, ఇంకా లోడ్ కాని పిల్లల సంగతేమిటి?

ఆకుపచ్చబిట్

టిక్ కోసం పిల్లల్ని లోడ్ చేయొద్దు. మీ ఆబ్జెక్ట్‌లో 'కింద ఉన్నదంతా ఎంచుకోబడింది' అని ఒక గుర్తు పెట్టండి, పిల్లలు లోడ్ అయినప్పుడు దాన్నే వారసత్వంగా తీసుకుంటారు. ఆ తర్వాత ఎవరైనా ఒక పిల్లకు టిక్ తీస్తే పేరెంట్ మీద 'అన్నీ, ఈ ఐడీలు తప్ప' అనే జాబితా. సేవ్ చేసేటప్పుడు సర్వర్‌కు పంపేది నోడ్ల జాబితా కాదు, ఈ రెండు ముక్కలే: ఎంచుకున్న కొమ్మల ఐడీలు, మినహాయింపుల ఐడీలు. విడదీయడం సర్వర్ చూసుకుంటుంది. కోడ్‌లో చెక్డ్ మార్చినా ఆఫ్టర్‌చెక్ ఈవెంట్ వస్తుంది, కాబట్టి ఈ.యాక్షన్ అన్‌నోన్ అయితే హ్యాండ్లర్‌లోంచి వెంటనే బయటికి వచ్చేయండి. లేకపోతే వారసత్వం ఇచ్చిన ప్రతిసారీ అది మళ్ళీ పైకీ కిందికీ పరుగెడుతుంది.